క్యాసెట్ రెండో వైపు

అలెగ్జాండ్రియా, కర్మూజ్,
1988 మార్చి 11, శుక్రవారం.

నగ్లా వాళ్ళ నాన్నగారికి,

ఇన్సాఫ్ సలాములు. ఇక్కడ మేమంతా కులాసా అని ముందు రాయాలి కాబట్టి రాస్తున్నాను. అత్తయ్య మోకాలు, నగ్లా పన్ను, నా నడుము, ఈ మూడింటినీ పక్కన పెడితే మిగతా అంతా కులాసాయే. మీరు కువైట్‌లో వేళకి తింటున్నారనీ, ఆ పొడి దగ్గు తగ్గిందనీ తలుస్తాను.

మీ ఉత్తరం మీ గదిలో ఉండే టైల్సు మేస్త్రీ సెలవు మీద దిగిన రెండో రోజే తెచ్చిచ్చాడు. టీ తాగుతూ, మీరు కాస్త చిక్కారని ఒక్క మాట జారాడు. ఇంకేముంది, అత్తయ్య ఏడుపు మొదలు. ఆయన లేచి వెళ్ళేటప్పుడు రెండు సీసాల నిమ్మకాయ ఊరగాయ చేతిలో పెట్టి, నా కొడుకు తినేదాకా పక్కనే కూర్చోవాలని ఒట్టు వేయించుకుంది. వచ్చే గురువారం ఆయన తిరుగు ప్రయాణం. ఈ ఉత్తరమూ, దీనితో పాటు ఒక టేపూ ఆయన చేతికే ఇస్తాను.

ఆరేళ్ళుగా టేపులో గొంతు పంపే మనిషి ఉన్నట్టుండి కాగితం పంపితే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. అత్తయ్య ముందు విప్పలేదు. వంటింట్లోకి పోయి, పొయ్యి మీద ఫూల్ చిక్కుడు గింజల గిన్నె ఉడుకుతుంటే దాని పక్కన నిలబడి చదివాను. చదివాక గిన్నె మాడింది. ఆ రోజు అందరం మాడిన ఫూలే తిన్నాం. ఎందుకు మాడిందో అత్తయ్యకి చెప్పలేదు, మీకు ఇందులో చెబుతాను. మీరు కాగితం మీద అడిగారు గనక నేనూ కాగితం మీదే రాస్తున్నాను. టేపు మీద మాట్లాడాలంటే ఇప్పుడు నాకు నోరు రావడం లేదు. దానికీ కారణం ఉంది.

మీరు అడిగినవాటికి వరసగా జవాబులు. అత్తయ్యని మోకాలి డాక్టరుకి చూపించాను. మెట్లు ఎక్కొద్దన్నాడు. మేం ఉండేది నాలుగో అంతస్తు అని చెబితే, అయితే దిగొద్దు అన్నాడు. అప్పటి నుంచి ఆవిడ దిగడం మానేసి బాల్కనీలోంచే వీధినంతా నడిపిస్తోంది. కూరలవాడు ఆవిడ గొంతు వింటే చాలు, ఆవిడ తాడుతో దించే బుట్టలో కూరలు వెయ్యడానికి పరిగెత్తుకొస్తాడు. నగ్లాకి ముందు పన్ను ఊడి కొత్తది వంకరగా వస్తోంది. మీకు ఇంకా మీసం ఉందా అని అడుగుతోంది. ఫోటో పంపండి. దాని తరగతిలో వాళ్ళ నాన్న ఇంట్లోనే ఉండే పిల్ల ఒకతి ఉందట, అదో వింతలాగా వచ్చి చెప్పింది.

నువ్వెలా ఉన్నావు అని అడిగారు. అలిసిపోయానండీ. ఈ మాట ఇన్నేళ్ళలో ఎప్పుడూ టేపులో అనలేదు, అత్తయ్య పక్కనే కూర్చుని ఉంటుంది కదా. పొద్దున్నే నగ్లా జడ, ట్రాములో నిలబడి ప్రయాణం, ఎక్స్ఛేంజిలో చెవికి ఆ ఇనప పట్టీ, రోజంతా అరుపులు. "మాట్లాడండి, కువైట్ లైన్లో ఉంది. మాట్లాడండి, జెడ్డా లైన్లో ఉంది. మూడు నిమిషాలు అయిపోయాయి." ఊరందరి మొగుళ్ళతో వాళ్ళ పెళ్ళాలని కలుపుతాను. మన ఇంట్లో ఫోను లేదు, మీ ఫోను కాంట్రాక్టరు బల్ల మీద ఉంది. ఇంటికొచ్చాక గ్యాస్ బండ కోసం వరస. ఇవన్నీ కష్టాలని కాదు, అందరికీ ఉన్నవే. కానీ ఈ మధ్య ట్రాము దిగాక ఇంటి మెట్ల దగ్గర ఒక నిమిషం ఆగుతున్నాను. పైకి ఎక్కాలని అనిపించక కాదు. ఎక్కాక ఏముంది అనిపిస్తుంది, అంతే.

కాంట్రాక్టరు ఇంకో మూడేళ్ళకి కాగితం ఇచ్చాడనీ, రంజాన్ మొదలయ్యేలోగా సంతకం పెట్టాలనీ, నన్ను అడిగి పెడదామని ఆగారనీ రాశారు. దాని సంగతి చివర రాస్తాను. ఇప్పుడే రాస్తే మిగతాది రాయలేను.

ఇక ఆ క్యాసెట్ సంగతి. మీ గదిలో ఎనిమిది మందీ పొద్దస్తమానం అదే పెడుతున్నారనీ, అందులో మొదటి పాట మీద తగువులు పడుతున్నారనీ రాశారు. "చెప్పులు తలుపు వైపే తిరిగి ఉన్నాయి" అని పాట ఎత్తుకుంటుంది కదా, ఆ చెప్పుల మనిషి వెళ్ళిపోతున్నాడా, రాబోతున్నాడా అన్నది తగువు. మేస్త్రీ వెళ్ళిపోతున్నాడు అంటాడు, పెయింటరు కాదంటాడు, ఇద్దరికీ రెండు రోజులు మాటల్లేవు. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పు అని నన్ను అడిగారు. చెబుతాను. ఆ క్యాసెట్ పుట్టుక నాకు తెలుసు. మీకు తెలియాల్సింది ఎప్పుడో, ఇప్పుడు చెబుతున్నాను.

మీరు వెళ్ళిన ఏడాది ఆ నల్ల టేప్‌రికార్డర్ పంపారు గుర్తుందా? టేపు పంపే రోజు మన ఇంట్లో పండగే. అత్తయ్య మిషన్ లేకపోయినా కువైట్‌కి వినిపించేటంత గట్టిగా మాట్లాడేది. కింది అంతస్తువాళ్ళు, ఎదురింటివాళ్ళు ఒక్కొక్కరే వంగి సలాములు చెప్పేవాళ్ళు. నగ్లా పాట పాడేది. అందరూ అయ్యాక నా వంతు. గ్యాస్ బండ వచ్చింది, పిల్లకి జ్వరం తగ్గింది, మా గురించి బెంగ పెట్టుకోకండి అనేదాన్ని. అంతలో టక్కున బటన్ పైకి లేచేది. మొదటి వైపు అయిపోయేది.

రెండో వైపు ఖాళీగా ఉండేది. ఒక శుక్రవారం, అప్పటికి అత్తయ్య ఇంకా మెట్లు దిగుతుండేది, నమాజుకి నగ్లాని తీసుకుని వెళ్ళింది. ఇంట్లో నేనొక్కదాన్నే. టేపు తిప్పి బటన్ నొక్కాను. మొదట ఏం చెప్పాలో తోచలేదు. తర్వాత ఏం చెప్పానో నాకే గుర్తులేదు, బటన్ లేచేదాకా చెప్పాను. మిమ్మల్ని పేరు పెట్టి పిలిచాను. 'మీరు' అనలేదు, 'నువ్వు' అన్నాను. అది పంపేశాక నెల రోజులు సిగ్గుతో చచ్చాను.

ఆ టేపు మీదే మీ జవాబు తిరిగొచ్చింది. మొదటి వైపు మా మాటలు చెరిపి మీరు మాట్లాడారు. మోకాలికి నూనె పంపుతున్నాననీ, పిల్లని ఎండలో తిరగనివ్వొద్దనీ చెప్పారు. నేను చెప్పినదానికి జవాబు లేదు. రెండో వైపు తిప్పి చూస్తే నా గొంతు అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోనట్టు. ఓహో, ఈ మనిషి టేపు తిప్పనే లేదు అనుకున్నాను. ఒళ్ళు మండింది. కూలర్లు విప్పి బిగించే మనిషికి క్యాసెట్‌కి రెండు వైపులుంటాయని తెలీదా అని తిట్టుకున్నాను. ఆ తర్వాత, నిజం చెప్పాలంటే, హాయిగా అనిపించింది. వినేవాళ్ళు లేరని తెలిశాక నాకు ధైర్యం వచ్చింది. ఇక ప్రతి టేపుకీ రెండో వైపు నాదే. మీ గొంతు ఉన్న టేపుని చెరపబుద్ధి కాక ప్రతిసారీ కొత్తది కొనేదాన్ని, తిరిగొచ్చినవి బిస్కెట్ల డబ్బాలో దాచేదాన్ని. ఒక వైపు మీరు, ఒక వైపు నేను. ఒకరి వెనక ఒకరం, ఎప్పుడూ కలవకుండా.

మీరొకటి చేసేవారు. చివర సలాం చెప్పాక బటన్ నొక్కడం మరిచిపోయేవారు. టేపు ఉత్తినే తిరిగేది, కూలర్ మోత తప్ప ఏమీ ఉండేది కాదు. అత్తయ్య వినండి వినండి అని అందరినీ కూర్చోబెట్టేది, కాసేపటికి అందరూ లేచి వెళ్ళిపోయేవాళ్ళు. టేపు దండగ చేస్తారేమిటి అని నేను విసుక్కునేదాన్ని.

మా తమ్ముడు వగీహ్ మీకు తెలుసు కదా, పెళ్ళిళ్ళలో ఊద్ వాయించుకుంటూ తిరిగేవాడు. ఎనభై నాలుగులో ఒకరోజు ఏదో రాగం మర్చిపోకుండా పట్టుకోవాలని ఖాళీ టేపు కోసం వచ్చాడు. నేను డ్యూటీలో ఉన్నాను. డబ్బాలోంచి ఒకటి తీసుకుపోయాడు. ఒక వైపు మీ పేరు రాసి ఉంది, రెండో వైపు ఏమీ రాసి లేదు. ఖాళీ అనుకుని పెట్టాడు. మర్నాడు కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చి నా ముందు నిలబడ్డాడు. వాడి చెంప పగలగొట్టాను. ఇరవై ఎనిమిదేళ్ళవాడిని, పెళ్ళి కావలసినవాడిని. దెబ్బ తిని కూడా కదలలేదు.

"అక్కా, వీటిని పాటలు కట్టనివ్వు," అన్నాడు. "మన పాటల్లో మగవాడు ఆడదాని కోసం పాడినా 'ప్రియుడా' అనే కదా అంటాడు. మగగొంతు పాడితే ఇవి ఆడది అన్న మాటలని ఎవడికీ తెలీదు. బావకి కూడా తెలీదు."

రెండు నెలలు వాడి మొహం చూడలేదు. ఆ తర్వాత సరే అన్నాను, డబ్బాలో టేపులన్నీ ఇచ్చాను. ఎందుకన్నానో మీకు నచ్చినా నచ్చకపోయినా రాస్తాను. ఆ మాటలు కావాలని అడిగిన మొదటి మనిషి వాడు.

అలా మన మాటలు క్యాసెట్ అయ్యాయి. రాసినవాడు వగీహ్ అని పైన అచ్చు వేశారు. పాడింది మమ్‌దూహ్, రమల్ స్టేషన్ దగ్గర చెప్పుల దుకాణంలో పనిచేసే మనిషి. వాడి గొంతు జలుబు చేసినట్టు ఉంటుంది. పేరు ఏం పెట్టాలని వగీహ్ అడిగితే, "రెండో వైపు" అని పెట్టు అన్నాను. వాడు మాటలని అటూ ఇటూ సర్దుకున్నాడు, రాగానికి సరిపోనివి తీసేశాడు. ఎనిమిది పాటలయ్యాయి. ఎనభై అయిదు వేసవిలో విడుదలయ్యింది. అదే వారం ఒక పెద్ద గాయకుడి టేపు కూడా వచ్చింది. బీచ్ మీద గొడుగు గొడుగుకీ అదే. మనది ఎవరూ కొనలేదు. దుకాణాలవాళ్ళు పెట్టెలకి పెట్టెలు తిప్పి పంపారు. వగీహ్ గదిలో చోటు లేక మన మంచం కింద పెట్టించాను. ఎనభై ఆరులో మీరు సెలవుకి వచ్చినప్పుడు ఈ పెట్టెలేమిటని అడిగారు, తమ్ముడి సామాను అన్నాను. ఆ నెల్లాళ్ళూ మీరు వాటి మీదే పడుకున్నారు. ఇల్లంతా చుట్టాలు, మీరు తెచ్చిన ఫ్యాను చూడ్డానికి వచ్చినవాళ్ళు, అత్తయ్య మిమ్మల్ని ఒక్క క్షణం వదలదు. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఎవరో టీ అడిగారు.

తర్వాత ఏమయ్యిందంటే, కర్మూజ్ నుంచి మందరా వెళ్ళే మైక్రోబస్సులో వగీహ్ ఎక్కాడు. డ్రైవరు టేపుని మిషన్ నమిలేసింది, వాడు తిట్టుకుంటున్నాడు. వగీహ్ జేబులోంచి మన టేపు తీసిచ్చాడు. వేరే ఏదీ లేక వాడు అదే పెట్టాడు. అలా ఒక నెల. ఆ పాటలు వింటూ జనం దిగాల్సిన చోట దిగడం మర్చిపోయేవాళ్ళట. కొందరు ఖాళీ బస్సుల్ని వదిలేసి ఆ బస్సు కోసమే నిలబడేవాళ్ళట. ఆ డ్రైవరు దగ్గర ఒక నర్సు అడిగి కాపీ చేసుకుంది. ఆమె దగ్గర్నుంచి ఆసుపత్రిలో డ్యూటీ నర్సులందరికీ వెళ్ళింది. వాళ్ళలో ఒకామె తమ్ముడు సైన్యంలో ఉన్నాడు. "రోజుకోసారి ఖాళీ గదిలో నీ పేరు పిలుస్తాను, నాలుక మర్చిపోకుండా" అన్న పాదం బ్యారక్స్ గోడ మీద రాశారని విన్నాను. నేను అన్న మాటని ఎడారిలో ఎవరో సుద్దతో గోడ మీద రాసుకున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇలా రెండేళ్ళలో పాకింది. ఎక్కడా రేడియోలో రాలేదు, గోడ మీద బొమ్మ లేదు. ఎవరి దగ్గరైనా ఉందంటే ఇంకెవరో కాపీ చేసిచ్చినదే. వినేవాళ్ళు మాత్రం పిచ్చిగా వింటారు. మీరు వింటున్నదీ అలాంటి కాపీకి కాపీయే.

పోయిన వసంతంలో ఎక్స్ఛేంజిలో ఒక అమ్మాయి జెడ్డాకి మూడు నిమిషాలు బుక్ చేసుకుంది. నాలుగో నంబరు గదిలోకి వెళ్ళింది. లైను సరిగా ఉందో లేదో చూడ్డానికి విన్నాను. మాటలు లేవు, పాట. సంచిలోంచి చిన్న టేప్‌రికార్డర్ తీసి ఫోనుకి ఆనించి పట్టుకుని నిలబడింది. అవతల ఒక మగవాడు ఏడుస్తున్నాడు. మూడు నిమిషాలు అయ్యాయి. నేను అయిపోయాయని చెప్పాలి. మరో రెండు నిమిషాలు వదిలేశాను. సూపర్‌వైజరు చీవాట్లు పెట్టింది. ఆ రోజు అనుకున్నాను. ఎవరెవరో ఎవరెవరికో నా మాటలు వినిపిస్తున్నారు. నేను ఎవరికి చెప్పానో ఆ మనిషికి తప్ప అందరికీ చేరాయి. ఇక నా దగ్గర చెప్పడానికేమీ మిగల్లేదు. ఆ తర్వాత పంపిన రెండు టేపులకీ రెండో వైపు ఏమీ మాట్లాడలేదు. ఖాళీగా పంపాను.

పోయిన నెల వగీహ్ బలవంతం మీద ఒక క్లబ్బులో మమ్‌దూహ్ పాడుతుంటే వెళ్ళాను. అత్తయ్యకి డ్యూటీ అని చెప్పాను, ఆ అబద్ధం మీ దగ్గర ఒప్పుకుంటున్నాను. వంద మంది లోపే ఉన్నారు, కానీ అందరికీ ప్రతి అక్షరం కంఠతా వచ్చు. నేను వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాను. అక్కడ ఒకటి జరిగింది. మొదటి పాటకి అసలు ముందు ఒక చిన్న మాట ఉంది. ఆ మైక్రోబస్సు మిషన్ మన టేపు మొదలుని కూడా కాస్త నమిలింది, ఆ మాట పోయింది. కాపీలన్నీ దాన్నుంచి పుట్టినవే కాబట్టి దేశంలో ఎవరికీ ఆ మాట తెలీదు. మమ్‌దూహ్‌కి తెలుసు, వాడు పాడినవాడు. ఆ మాటతో పాట ఎత్తుకున్నాడు. జనం ఒప్పుకోలేదు.

"అన్నా, ఆ పాట అలా మొదలవదు," అంది ముందు వరసలో ఒక నర్సు, నొచ్చుకున్నట్టు. "మళ్ళీ పాడు."

మమ్‌దూహ్ నవ్వి ఆ మాట వదిలేసి మళ్ళీ మొదలుపెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా కళ్ళ ముందే, నా మాటని, తప్పని తీసేశారు. పక్కన కూర్చున్న వగీహ్ నా చెయ్యి పట్టుకున్నాడు. ఎవరు రాశారని ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చి అత్తయ్యకి మోకాలికి నూనె రాశాను.

ఇదీ నేను మీ దగ్గర దాచిన సంగతి. మన గదిలో మాటల్ని బజార్లో పెట్టానని మీకు కోపం వస్తే, రావాలి. ఈ ఉత్తరం ఇక్కడితో ఆపేసి, క్షమించమని రాసి, సంతకం సంగతి మీ ఇష్టం అని ఎప్పట్లాగే ముగించవలసినదాన్ని. కానీ మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. ఫూల్ గిన్నె మాడింది దాని మూలానే.

మీరు ఇలా రాశారు: "ఆ టేపులో దిండు ఎండలో వేసే మాట ఒకటి వస్తుంది. అది విన్న రోజు నాకు ముద్ద దిగదు."

ఏడుసార్లు చదివాను. తర్వాత మంచం కిందికి దూరి ఒక పెట్టె విప్పి, కొత్త టేపు తీసి ఎనిమిది పాటలూ మొదటి నుంచి చివరిదాకా విన్నాను. నాకు తెలుసు, అయినా విన్నాను. దిండు మాట ఏ పాటలోనూ లేదు. వగీహ్ తీసేశాడు. దిండు అంటే జనం వెకిలిగా నవ్వుతారక్కా అన్నాడు.

ఆ మాట ఈ లోకంలో ఒక్క చోటే ఉంది. ఎనభై మూడు చలికాలంలో పంపిన మూడో టేపు, రెండో వైపు. శుక్రవారం శుక్రవారం నీ దిండు బాల్కనీలో ఎండకి వేస్తాను, ఎవరూ తల పెట్టని దిండు ఎందుకు ముక్కిపోతుందో తెలీదు కానీ ముక్కిపోతుంది అన్నాను. వగీహ్ తప్ప ఇంకెవరూ వినలేదు. అత్తయ్యకి కూడా తెలీదు, ఆవిడ వచ్చేసరికి లోపల పెట్టేస్తాను.

అంటే మీరు టేపు తిప్పారు.

మూడోదే కాదు, అన్నీ తిప్పి ఉంటారు. మనింటి టేపులేవో, బజారు టేపేదో ఇప్పుడు మీకే కలగాపులగం అయిపోయింది. విని, ఒక్క మాట అనకుండా, నా గొంతు చెరపకుండా జాగ్రత్తగా నాకే తిప్పి పంపారు. ఎందుకండీ? ఎనిమిది మంది ఉండే గదిలో కూర్చుని ఏమని జవాబు చెబుతారు? ఇక్కడ ఆ టేపు అత్తయ్య, కింది అంతస్తు, ఎదురిల్లు అందరూ కూర్చుని వింటారు. ఏమని చెబుతారు? ఇది నాకు ఆరేళ్ళలో ఒక్కసారి తట్టలేదు. తిట్టుకోవడమే సరిపోయింది.

నిన్న సెలవు పెట్టాను. నగ్లా బడికి వెళ్ళింది, అత్తయ్య బాల్కనీలో కూరలవాడితో పోట్లాడుతోంది. డబ్బా దింపి మీ టేపులన్నీ విన్నాను, మీ మాటలు కాదు, మీరు సలాం చెప్పాక మిగిలింది. మిషన్‌కి చెవి ఆనించి విన్నాను. కూలర్ మోత వెనక ఊపిరి ఉంది. ఎవరో మిషన్‌కి బాగా దగ్గరగా కూర్చుని ఊపిరి తీస్తున్నారు. ఒక టేపులో నాలుగు నిమిషాలు. ఒకదాంట్లో టేపు అయిపోయేదాకా. ప్రతి టేపులోనూ. బటన్ నొక్కడం ఏ మనిషీ అన్నిసార్లు మరిచిపోడు.

తర్వాత ఇంకో సంగతి లెక్కకి వచ్చింది. పోయిన రెండు టేపులూ నేను రెండో వైపు ఖాళీగా పంపాను. మీరు తిప్పి ఉంటారు. ఏమీ లేదు. ఆ తర్వాతే కదా మీ నుంచి టేపు రావడం ఆగిపోయి, ఈ కాగితం వచ్చింది? ఆ తర్వాతే కదా మూడేళ్ళ సంతకం మాట ఎత్తారు? నాకు చెప్పడానికేమీ లేదని అనుకున్నారు. నేను వినడంలేదనుకున్నారు. ఇద్దరం ఒకే తప్పు చేశాం.

ఇప్పుడు మీ గదిలో తగువు తీరుస్తాను. మేస్త్రీకీ పెయింటరుకీ చదివి వినిపించండి, నాకేం సిగ్గులేదు. ఆ చెప్పులు మీవి. తోలువి, కుడిదానికి పట్టీ తెగి నేను దారంతో కుట్టాను. తలుపు దగ్గరే పెట్టి ఉంచాను. అవి వెళ్ళిపోయే మనిషి చెప్పులు కావు. ముందున్న మాట పోయింది గనక జనానికి అలా అనిపిస్తోంది. ఆ మాట నేను టేపులో కూడా ఎప్పుడూ అనలేదు. వినేవాళ్ళు లేరనుకున్న చోట కూడా అనలేకపోయాను, మీ కష్టం, అత్తయ్య మందులు, పిల్ల చదువు గుర్తొచ్చి నోరు నొక్కుకున్నాను. వగీహ్ పాటకి మొదట్లో ఒక మాట తక్కువైందక్కా అంటే, అప్పుడు చెప్పాను. నా నోటితో కాక మమ్‌దూహ్ నోటితో అనిపించాను. దాన్ని కూడా బస్సు మిషన్ తినేసింది. ఇక నేనే అనాలి.

షాకిర్, సంతకం పెట్టకు. నేను అలిసిపోయాను. కూలర్లు ఇక్కడా పాడవుతాయి. దీనితో మూడో టేపు పంపుతున్నాను, దిండు మాట ఉన్నది. కొత్తగా ఏమీ చెప్పలేదు. మొదటి వైపు చివర నీ ఊపిరి ఉంది. అది ఇక టేపులో వద్దు, ఈ గదిలో వినాలి.

పాటలో మొదటి మాట: రా.

నమాజు అయిపోయినట్టుంది, కింద జనం గొంతులు వినిపిస్తున్నాయి. ఇవాళ అత్తయ్య బాల్కనీలోనే కూర్చుని ఉంది, దిండు ఆవిడ పక్కనే ఎండలో వేశాను. ఎవరిదని అడిగింది. చెప్పాను. ఇక లేచి దాన్ని రెండో వైపుకి తిరగెయ్యాలి.

ఇట్లు,
నీ నగ్లా వాళ్ళ అమ్మ,
ఇన్సాఫ్.